ఘాటైన గుట్టు

ఐసు ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరిన కొత్తలో కోడలికి ఒక గట్టి నమ్మకం ఉండేది. మంచి మాట అర్థమయ్యేలా చెబితే మనుషులు వింటారని. వీధివాళ్ళకు మీటింగు పెట్టిన రోజుతో ఆ నమ్మకం కాస్తా వదిలిపోయింది.

ఫ్యాక్టరీ వెనక గోడ పొడవునా ఒక వీధి ఉంది. ఆమె అత్తవారిల్లు ఆ వీధిలోనే. గోడకు అవతల మనిషెత్తు ఐసు దిమ్మలు తయారవుతాయి. చేపల పెట్టెలు గడ్డకట్టిపోయే గదుల్లో దొంతర్లుగా ఉంటాయి. ఆ చల్లదనమంతా అమ్మోనియా గ్యాసు చలవే. గొట్టాల్లో బుద్ధిగా తిరిగినంతసేపూ దానంత పనిమంతురాలు లేదు. గొట్టం దాటి బయట పడిందంటే మాత్రం కళ్ళు, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, ఒంట్లో తడి ఎక్కడుంటే అక్కడికి పోయి కరుస్తుంది. అలాంటి రోజు వస్తే ఏం చెయ్యాలో గోడ పక్కన కాపురముండేవాళ్ళకు నేర్పడం కోడలి ఉద్యోగంలో సగం.

ఆమె కాగితాలు అచ్చు వేయించి ఇంటింటికీ పంచింది. మర్నాటికల్లా వాటిలో వేరుశనగలు పొట్లాలు కట్టి అమ్ముతున్నాడు వీధి మొదట్లో కొట్టతను. గోడకు పెద్ద బోర్డు కొట్టించింది. దాని మేకుకు ఎవరో గొడుగు తగిలించుకున్నారు. ఇక లాభం లేదని కుర్చీలు వేయించి, మైకు తెప్పించి మీటింగు పెట్టింది. టైలరు వచ్చాడు, కుర్చీలకు గుడ్డ కవర్లు కుట్టే పని ఏమైనా దొరుకుతుందేమోనని. రిటైరైన లెక్కల మాస్టారు వచ్చారు, తప్పులు పట్టడానికి. సెలూన్ అతను వచ్చి, మొదటి మాట కాకముందే గుర్రు పెట్టాడు. అత్తగారైతే గడప కూడా దాటలేదు.

"ఇంట్లో పొద్దస్తమానం నిన్నే చూస్తున్నాను కదమ్మాయ్. మళ్ళీ అక్కడికొచ్చి కుర్చీలో కూర్చుని చూడాలా?" అంది.

ఈ అత్తగారిని వీధిలో అందరూ పెద్దమ్మా అని పిలుస్తారు. ఆవిడ అటు తిరగగానే టాంటాం పెద్దమ్మ అంటారు. ఆవిడ చెవిన పడ్డ కబురు, పొయ్యి మీది పాలు పొంగేలోపు వీధి చివరి ఇంటి వంటగదిలో ఉంటుంది. అబద్ధం మాత్రం చచ్చినా ఆడదు. ఉన్న నిజానికే నాలుగు కుచ్చిళ్ళు పెట్టి, కొంగు సర్ది, నలుగురిలోకి పంపిస్తుంది. కొడుకు దూరప్రాంతాల బస్సు డ్రైవరు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. అందుకని ఇంట్లో అత్తాకోడళ్ళదే రాజ్యం.

మీటింగు అయిన సాయంత్రం కోడలు సంచీ విసిరేసి కుర్చీలో కూలబడింది. అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. పలకరింపుగా ఉంటుందని అడిగింది.

"ఇంతకీ మీ ఫ్యాక్టరీలో ఆ గ్యాసు గొడవేమిటే?"

పొద్దున్నుంచీ ఖాళీ కుర్చీలకు అదే చెప్పి చెప్పి కోడలి గొంతు పోయింది. "వదిలేయండత్తయ్యా. అదంతా మీకు చెప్పేది కాదు" అంది, విసుగ్గా.

బఠాణీ కాయ మీద అత్తగారి బొటనవేలు ఆగిపోయింది.

"చెప్పేది కాదంటే? చెప్పకూడదా?"

కోడలు కళ్ళు తెరిచి చూసింది. అత్తగారి మొహం అంత శ్రద్ధగా ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు. కనుబొమలు పైకి లేచాయి, మెడ ముందుకు వచ్చింది, ఒలిచిన గింజలు ఒడిలోంచి జారి నేల మీద దొర్లుతున్నా ఆవిడకు పట్టలేదు. మైకుతో, బోర్డుతో, అచ్చు కాగితంతో సాధించలేనిది ఆ ఒక్క విసుగు మాట సాధించింది. కోడలికి అలసట ఎటుపోయిందో తెలీదు.

"చెప్పకూడదత్తయ్యా" అంది, ఈసారి గొంతు బాగా తగ్గించి. "పై నుంచి ఆర్డరు."

"నేనేమన్నా పరాయిదాన్నా?"

"పరాయివాళ్ళయితే ఫర్వాలేదు. సొంతవాళ్ళకే చెప్పకూడదు."

ఆ మాటకు అర్థం లేదు. అయినా అత్తగారికి అది సూటిగా వెళ్ళి తగిలింది. మూతి ముడుచుకుని వంటగదిలోకి పోయి, గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టింది. అన్నం వడ్డించేటప్పుడు కోడలి కంచంలో కూర రెండోసారి వేసింది, అడక్కుండా. మూడోసారి వెయ్యబోతుంటే కోడలు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్క ముక్క చెప్తాను. ఎవరితోనూ అనకూడదు."

"అంటానా! నా నోట్లోంచి బయటికొస్తే నన్ను అడుగు."

"దానికి వాసన ఉంటుంది. పిసరంత బయటికొచ్చినా ముక్కు పగిలిపోయేంత ఘాటు. అది మన అదృష్టం. కొన్ని గ్యాసులు ఏ వాసనా లేకుండానే ప్రాణం తీస్తాయి. ఇది ముందే అరిచి చెప్పి వస్తుంది. ఆ అరుపు వినబడ్డాక ఏమిటా అని నిలబడి చూడకూడదు, కదలాలి."

"ఎటు కదలాలి?"

"ఇవాళ్టికి ఇంతే."

మర్నాడు పొద్దున్న ఫ్యాక్టరీకి వెళ్తుంటే సెలూన్ అతను కత్తెర పట్టుకునే బయటికొచ్చాడు. అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగాడు.

"మేడం, మీరు కొత్తగా చేరారు, మీ వరకు వచ్చిందో లేదో. మీ ఫ్యాక్టరీలో ఒక గ్యాసుంది. దానికి వాసనుంటుంది."

"అవునా!" అంది కోడలు.

"గట్టిగా అనకండి. బయటికి పొక్కకూడదట. వాసనొస్తే మాత్రం అక్కడ నిలబడొద్దు. మీరు మంచివారు కాబట్టి చెప్తున్నా."

కోడలు పెదవి కొరుక్కుని, కృతజ్ఞతగా తలూపి, గేటు దాటాక గోడ చాటున నిలబడి కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత అదొక అలవాటైంది. పూటకో గుట్టు, అదీ బతిమాలించుకుని. మొదటి గుట్టుకు కూర వచ్చింది, రెండోదానికి తలంటు, మూడోదానికి అత్తగారి బీరువాలోని కొత్త దుప్పటి. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుంటే అమ్మోనియా కొంత ఆ నీళ్ళలోనే కరిగిపోతుందని, కానీ అది మనం అక్కణ్ణుంచి బయటపడేదాకా సాయమే తప్ప కవచం కాదని చెప్పింది. కంట్లో పడితే నలపకుండా ధారగా నీళ్ళు పోస్తూనే ఉండాలని, మంట తగ్గిందని మధ్యలో ఆపకూడదని చెప్పింది. కదల్లేనివాళ్ళుంటే తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాన్లు, కూలర్లు ఆపి, తలుపు కింద సందులో తడి తువ్వాలు కూరాలని చెప్పింది. గ్యాసు మామూలుగా గాలికన్నా తేలికైనా, ఒక్కసారిగా బయటపడితే చల్లటి తెల్లని పొగలా నేలబారున పాకుతుందని, ఆ తెలుపు చూడ్డానికి ముచ్చటగా ఉందని దగ్గరికి పోకూడదని చెప్పింది.

చెప్పిన ప్రతిదీ తెల్లారేసరికి వీధిలో ఉండేది. కూరగాయలమ్మి బేరం మధ్యలో కళ్ళు ధారగా కడుక్కోవడం గురించి చెవిలో ఊదేది. టైలరు మంచం దిగలేని తన తల్లి గదికి ముందుగానే పాత తువ్వాళ్ళు, ఒక బిందె నీళ్ళు చేర్చి పెట్టాడు. ఎవరికి వాళ్ళు ఇది తమకొక్కరికే తెలుసనుకున్నారు.

ఒక్క రోజు మాత్రం కోడలు కాస్త ఎక్కువ చెప్పేసింది. గ్యాసును మరీ దయ్యాన్ని చెయ్యడం న్యాయం కాదనిపించి, దాని మంచి కూడా చెప్పింది. పొలాల్లో వేసే యూరియా దానితోనే తయారవుతుందని, అద్దాలు తుడిచే నీళ్ళలో, జుట్టుకు వేసే రంగులో కూడా అది కాస్త ఉంటుందని. మధ్యాహ్నానికి సెలూన్ అతను ఫ్యాక్టరీ గేటు దగ్గర ఖాళీ సీసాతో నిలబడి ఉన్నాడు.

"ఒక్క సీసా చాలు మేడం. రంగు కంపెనీవాళ్ళు ఇన్నాళ్ళూ నన్ను దోచుకుంటున్నారు."

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. తోచింది."

కోడలు అతన్ని పక్కకు తీసుకెళ్ళి, రంగులో ఉండేది నీళ్ళలో బాగా పలచన చేసిందని, గొట్టాల్లో ఉండేది చర్మం మీద చుక్క పడినా ఆ చలికే ఒళ్ళు కాలిపోతుందని చెప్పింది. "మీరు తల మీద పోస్తే తెల్లజుట్టు సమస్య ఉండదు. తలే సమస్య" అంది. అతను సీసా అక్కడే వదిలేసి పోయాడు. సాయంత్రానికి ఆ ముక్క కూడా వీధంతా తిరిగింది. ఆ ఊపులో ఇల్లు కడిగే బ్లీచింగు పొడినీ, అద్దాలు తుడిచే నీళ్ళనూ కలపకూడదని, కలిపితే విషపు ఆవిరి పుడుతుందని కోడలు అత్తగారి చెవిన వేసింది. మర్నాటి నుంచి వీధిలో ప్రతి స్నానాలగదిలో ఆ రెండు డబ్బాలూ పోట్లాడుకున్న తోడికోడళ్ళలా చెరో మూలా కూర్చున్నాయి.

చిక్కు వచ్చింది గాలి దగ్గర.

వాసనొస్తే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలని, దానికి అడ్డంగా పక్కకు పోవాలని, గ్యాసు దారి తప్పించుకున్నాక గాలికి ఎదురు వైపు, దూరంగా చేరాలని కోడలు చెప్పింది. రెండు రోజుల తర్వాత కొట్టతను ఆమెకు రహస్యంగా ఒక మాట చెప్పాడు.

"వాసనొస్తే గాలి ఎటు పోతే అటే పరిగెత్తాలట మేడం. గాలి కన్నా మనం ముందుండాలట."

కోడలికి ఆ పూట పని మీద మనసు నిలవలేదు. నవ్వులాటగా మొదలుపెట్టింది మనుషుల మీదికి వచ్చేలా ఉంది. మళ్ళీ కాగితం పంచితే మళ్ళీ పొట్లాలే. తానే వెళ్ళి సరిదిద్దితే, ఆఫీసు మాట కాబట్టి వినరు. సాయంత్రం ఇంటికి వచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంది.

"ఏమయిందే?" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. మన వీధిలో ఎవరో దొంగ కబురు నడుపుతున్నారట. గాలి వెంట పరిగెత్తమని. అసలు కబురు కన్నా అదే బాగుందని జనం నమ్ముతున్నారట."

అత్తగారు లేచి నిలబడింది. ఆవిడ జీవితంలో చాలా మాటలు పడింది కానీ, తాను పంపిన కబురును ఇంకొకరు మధ్యలో పట్టుకుని మార్చడం ఇదే మొదలు.

"ఎవడు వాడు?"

"నాకేం తెలుసు? అయినా మీరు ఎవరికీ చెప్పలేదు కదా. మీకెందుకు?"

"చెప్పలేదు. ఒక్కరికీ చెప్పలేదు" అంటూనే ఆవిడ చెప్పులు తొడుక్కుంది.

కూపీ లాగడం ఆవిడకు పెద్ద పనేం కాదు. కొట్టతనికి టైలరు చెప్పాడు, టైలరుకు లెక్కల మాస్టారు. అత్తగారు నేరుగా మాస్టారి గేటు ముందుకెళ్ళి నిలబడింది. వీధి మొత్తం ఏదో ఒక పని కల్పించుకుని బయటికొచ్చింది.

"మాస్టారూ, గాలి వెంట పరిగెత్తమన్నది మీరేనా?"

"పరిగెత్తమనలేదమ్మా, లెక్క చెప్పాను" అన్నారు మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుంటూ. జేబులోంచి సుద్దముక్క తీసి రోడ్డు మీద గీత గీశారు. "గాలి వేగం ఇంత. మనిషి పరుగు వేగం ఇంత. మనిషే ఎక్కువ. కాబట్టి గ్యాసు మనల్ని అందుకోలేదు."

"మీ పరుగు వేగమా మాస్టారూ?"

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు మోకాళ్ళ నొప్పులకు కర్ర పట్టుకుని నడుస్తారు.

"నేను సగటు మనిషి గురించి చెప్తున్నాను."

"ఆ సగటు మనిషి మన వీధిలో ఉండడు. టైలరు తల్లి ఉంది, నేనున్నాను, మీరున్నారు." అత్తగారు మాస్టారి భార్యను అడిగి పౌడరు డబ్బా తెప్పించింది. మూత తీసి గట్టిగా నొక్కింది. తెల్లటి పొడి గాల్లోకి లేచి, గాలి వెంటే సాగి, అటు వైపు నిలబడ్డ సెలూన్ అతని మొహం నిండా కొట్టుకుంది. అతను గాలి వెంటే వెనక్కి దూకుతూ తుమ్మాడు. రెండు అడుగులు పక్కకు జరిగిన కూరగాయలమ్మి మీద ఒక్క రేణువు పడలేదు.

"చూశారా? వెనక్కి పోయినవాడు పౌడరు తిన్నాడు. పక్కకు జరిగింది శుభ్రంగా ఉంది. ఇదీ లెక్క."

మాస్టారు సుద్దముక్క జేబులో పెట్టుకుని లోపలికి పోయారు. ఆ రోజు నుంచి అత్తగారితో మాట్లాడ్డం మానేశారు. వీధివాళ్ళు మాత్రం గాలి ఎటుందో తెలియడానికి డాబాల మీద పాత చీరల అంచులు చింపి కర్రలకు కట్టారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, వీధి వీధంతా తోకలు రెపరెపలాడిస్తూ ఉంది.

అది ఫ్యాక్టరీ మేనేజరు కంట పడింది. ఆయన రోజూ మధ్యాహ్నం భోజనం విరామంలో సెలూన్లో గడ్డం గీయించుకుంటాడు. ఆ తోకలేమిటని అడిగితే సెలూన్ అతను చెవిలో చెప్పాడు: "మీ కంపెనీ రహస్యాలన్నీ మాకు తెలుసు సార్. మీ గ్యాసుకు వాసనుంటుందని కూడా."

మేనేజరు ఉలిక్కిపడ్డాడు. అదీ ఒక రహస్యమేనా అని ఆలోచించాలని కూడా తోచలేదు. "ఎవరు చెప్పారో తేలితే వాళ్ళ ఉద్యోగం ఊడబీకుతాను!" అని సెలూను దద్దరిల్లేలా అరిచాడు. తర్వాత నేరుగా వచ్చి కోడలిని పిలిపించాడు.

"మన రహస్యాలు బయటికి పోతున్నాయట!"

"ఏ రహస్యం సార్?"

"అమ్మోనియాకు వాసన ఉంటుందని."

"సార్, అవన్నీ మనం పంచిన కాగితంలో ఉన్నవే. కింద మీ సంతకం ఉంది."

మేనేజరు ఆలోచించాడు. తను అరిచిన అరుపు గుర్తొచ్చి చెవులు ఎర్రబడ్డాయి. "అలాగా. అయితే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పించు" అన్నాడు.

కానీ సెలూన్లో అన్న మాటను ఆఫీసులో వెనక్కి తీసుకోవడం ఎవరి తరం? కోడలి ఉద్యోగం పోతుందన్న కబురు అప్పటికే వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొస్తోంది. అత్తగారికి మొదటిసారి తన నోటి మీద తనకే భయం వేసింది. ఆ సాయంత్రం ఆవిడ ఇంటింటికీ వెళ్ళింది, కబురు చెప్పడానికి కాదు, నోళ్ళు కుట్టడానికి.

"ఎవరడిగినా మనకేం తెలీదు. ముఖ్యంగా ఆ మేనేజరు అడిగితే. నా కోడలి పొట్ట కొట్టకండి."

అందరూ ఒట్టేశారు. మాస్టారు కూడా, ఆవిడ వైపు చూడకుండా, గోడకేసి చూస్తూ ఒట్టేశారు.

ఆ వారంలోనే జరిగింది. మధ్యాహ్నం, మబ్బు పట్టి ఉంది. ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటర్ ఒక ట్యాంకు అడుగున పేరుకున్న ఆయిలు బయటికి తీస్తున్నాడు. ఆయిలు అయిపోయాక వాల్వు మూయబోతే మధ్యలో చెత్త అడ్డుపడి అది మూసుకోలేదు. బుస్సుమని తెల్లటి పొగ వచ్చింది. అతను చెయ్యాల్సిన పనే చేశాడు. వాల్వుతో కుస్తీ పట్టకుండా వెనక్కి పరిగెత్తి సైరన్ నొక్కాడు.

కోడలు, ఆపరేటర్ వీపుకు గాలి సిలిండర్లు తగిలించుకుని, మొహాలకు మాస్కులు బిగించి లోపలికి వెళ్ళారు. అంతకు ముందే మిగతావాళ్ళను బయటికి పంపేశారు. కరెంటు ఆపించారు. తోటివాళ్ళిద్దరు దూరం నుంచి హోసుపైపుతో గాలిలోని పొగకు అడ్డంగా నీటి తెర పట్టారు, ఆ పొగ నీళ్ళలో కరిగేలా. కింద ద్రవం మడుగు కట్టిన చోట మాత్రం నీళ్ళు పడనివ్వలేదు. పడితే అది ఇంకా ఉడికి లేస్తుంది. మాస్కు అద్దంలోంచి కోడలికి ఏమీ సరిగ్గా కనిపించలేదు. గొట్టం పట్టుకుని తడుముకుంటూ వెనకనున్న పెద్ద వాల్వు దాకా వెళ్ళి, ఇద్దరూ కలిసి తిప్పారు. తిప్పుతున్నంతసేపూ ఆమెకు ఒకటే గుబులు. ఇవాళ గాలి వీధివైపే ఉంది.

వీధిలో అత్తగారు డాబా మీద బట్టలు తీస్తోంది. సైరన్‌కు తల ఎత్తింది. చీర అంచులన్నీ ఫ్యాక్టరీ నుంచి తన వైపుకే చాచి ఉన్నాయి. ముక్కు పుటాలు ఒక్కసారిగా మండాయి.

"వచ్చిందర్రా! అడ్డంగా! ఆటస్థలం వైపు! గుడ్డలు తడపండి!"

ఆ గొంతు ముందు సైరన్ తీసికట్టయింది. వీధి గోడ వెంబడే ఉంది కాబట్టి, వీధి వెంట చివరనున్న ఆటస్థలం దాకా పోతే చాలు, గాలికి అడ్డంగా పోయినట్టే. తలుపులు టపటపా తెరుచుకున్నాయి. తడిసిన చీరకొంగులు, తువ్వాళ్ళు, ఒకరిద్దరి మొహాలకు సబ్బునీళ్ళు కారుతున్న చొక్కాలు. టైలరు తల్లి గది తలుపు మూసి, ఫ్యాన్ ఆపి, సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కి, తనూ లోపలే కూర్చున్నాడు. సెలూన్ అతను షాపులోని తడి తువ్వాళ్ళన్నీ పట్టుకుని బయటికి దూకాడు. అతని వెనక మెడకు గుడ్డ కట్టుకుని, ఒక బుగ్గ నున్నగా, ఇంకో బుగ్గ నురగతో మేనేజరు.

"ఎటు? ఎటు?" అన్నాడు మేనేజరు.

"నా వెనక రండి సార్. అదెందుకో మాత్రం అడక్కండి."

మాస్టారు గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు, ఒక కాలు గాలి పోయే వైపు పెట్టి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అత్తగారు ఆయన మణికట్టు పట్టుకుంది.

"లెక్క అక్కడికెళ్ళి చేద్దాం మాస్టారూ, ముందు నడవండి!"

ఆటస్థలంలో కొళాయి కింద అందరూ కళ్ళు కడుక్కున్నారు. ఒకరు ఆపబోతే ఇంకొకరు "ఆపకు, ధారగా పోస్తూనే ఉండు" అని తిట్టారు. మాస్టారు మొహం తుడుచుకుని, "నేనూ ఇటే బయల్దేరబోతున్నాను" అన్నారు. చాలా రోజుల తర్వాత అత్తగారితో ఆయన అన్న మొదటి మాట అది.

ఫైరింజను వచ్చేసరికి లోపల వాల్వు మూసుకుంది. గాలి శుభ్రపడ్డాక టైలరు తలుపు తీసి, అమ్మ నిద్రపోయిందని చెప్పాడు. మండిన కళ్ళు, బొంగురుపోయిన గొంతులు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. ఆపరేటర్‌నూ, దగ్గు ఆగని ఇద్దరినీ డాక్టరు దగ్గరికి పంపారు. ఫైరాఫీసరు ఆటస్థలానికొచ్చి జనాన్ని చూసి ఆశ్చర్యపోయాడు.

"ఇంత పద్ధతిగా బయటికొచ్చారే! ఎవరు నేర్పారు మీకు?"

నిశ్శబ్దం. ఆ వీధి చరిత్రలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

"ఎవరూ నేర్పలేదు సార్" అంది కూరగాయలమ్మి.

"మరి గాలికి అడ్డంగా ఎలా వచ్చారు?"

"కాళ్ళు ఇటే వచ్చాయండి" అన్నాడు కొట్టతను.

"మరి ఈ తడిగుడ్డలు?"

"ఉక్కగా ఉంది సార్."

"డాబాల మీద ఆ గుడ్డ పేలికలు?"

"ఆరేశాం" అంది అత్తగారు. ఒక్క రెప్ప కూడా కదల్చలేదు.

మేనేజరు తట్టుకోలేకపోయాడు. కంపెనీకి దక్కాల్సిన మంచిపేరు కళ్ళ ముందే నీరుగారిపోతోంది. సగం గడ్డంతో ముందుకొచ్చి చేతులు జోడించాడు. "చెప్పండయ్యా! మా మేడమే నేర్పిందని చెప్పండి! నేనేమీ అనను!"

అంతే, వీధి మొత్తం ఇంకా బిగుసుకుపోయింది. వల వేస్తున్నాడని అందరికీ అర్థమైపోయింది. సెలూన్ అతను ఫైరాఫీసరు వైపు తిరిగి, "ఆ మేడం ఎవరో మాకు తెలీదు సార్. ఎప్పుడైనా గేటు దగ్గర కనిపించి ఉండొచ్చు" అన్నాడు. మాస్టారు గొంతు సవరించుకుని, "ఆమె పెట్టిన మీటింగుకు నేను వెళ్ళాను. ఒక్క ముక్క అర్థం కాలేదు" అన్నారు, తన వంతు సాయంగా.

అప్పుడే మాస్కు చేత్తో పట్టుకుని, జుట్టంతా చెమటతో తడిసి కోడలు అక్కడికి వచ్చింది. అత్తగారు ఆమెను చూసి రెండడుగులు వేసి, గుర్తొచ్చి ఆగిపోయి, పరాయిదాన్ని చూసినట్టు మొహం తిప్పుకుంది. కానీ కళ్ళలోంచి నీళ్ళు మాత్రం ధారగా కారాయి. అమ్మోనియా వల్లేనని పక్కనున్న ఎవరో అన్నారు.

ఫైరాఫీసరు వెళ్తూ వెళ్తూ మేనేజరుకు గట్టిగా చివాట్లు పెట్టాడు. ఇంత తెలివైన జనానికి కంపెనీ ఒక్క మాట కూడా నేర్పలేదని, దేవుడి దయవల్ల బతికిపోయారని, వెంటనే మీటింగు పెట్టించమని.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్తగారు గెలిచిన మనిషిలా కూర్చుంది. "చూశావా? ఒక్కడు నోరు విప్పాడా?"

కోడలు నవ్వాపుకోలేక, ఏడుపూ ఆపుకోలేక, ఉన్నదంతా చెప్పేసింది. పై నుంచి ఏ ఆర్డరూ లేదని, అందరికీ తెలియాలనే ఆవిడకు చెప్పానని, తాను చెప్పిన రోజల్లా ఆవిడ చెప్పులు తొడుక్కునే చప్పుడు వింటే హాయిగా నిద్రపట్టేదని.

అత్తగారు చెయ్యి కడుక్కుని లేచిపోయింది. రెండు రోజులు మాట లేదు. వీధిలో కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. జనం వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్ళారు. మూడో రోజు పొద్దున్న కోడలు బయల్దేరుతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అయితే ఇన్నాళ్ళూ నేను మీ కంపెనీకి జీతం లేకుండా పని చేశానన్నమాట."

"అవునత్తయ్యా."

"నాతో అలా నాటకమాడకుండా, ఈ పని చేసిపెట్టమని అడిగితే చెయ్యనా?"

కోడలు తలొంచుకుంది. "అడగాల్సింది. అడిగితే మీరు ఆవలిస్తారనుకున్నాను."

అత్తగారు కొంగు సర్దుకుంది. "ఆవలించేదాన్నే" అని ఒప్పుకుంది. తర్వాత, ఇక ఆపుకోలేక పకపకా నవ్వింది. "ఆ మేనేజరు సగం గడ్డం చూశావా!"

ఒప్పందం గుమ్మంలోనే కుదిరింది. వీధికి సంబంధించిన గ్యాసు వ్యవహారమంతా ఇకమీదట అత్తగారి చేతిలో. నిజం నిజంగానే చెప్పాలి, కుచ్చిళ్ళు పెట్టకూడదు. అందుకు ఆవిడ అడిగింది ఒకటే, ఫ్యాక్టరీవాళ్ళు పెట్టుకునే పసుపు హెల్మెట్టు. మేనేజరు ఆనందంగా ఇప్పించాడు. అది తలకు పెద్దదైతే లోపల తువ్వాలు మడిచి పెట్టుకుంది.

ఆదివారం ఉదయం ఆవిడ ఆ హెల్మెట్టు పెట్టుకునే కూరగాయలకు బయల్దేరింది. కోడలు డాబా మీంచి చూస్తూ ఉంది. వంకాయలు బేరమాడుతున్నంతసేపూ ఆ పసుపు గుండు అటూ ఇటూ ఊగుతూనే ఉంది. చుట్టూ జనం మూగారు. మాస్టారు కూడా సంచీ పట్టుకుని వచ్చి, కొంచెం ఎడంగా నిలబడి, ఏమీ కొనకుండా ఆవిడ చెప్పేదంతా విన్నారు.